పరిగి నుంచి నార్సింగి దాకా ఎవరు లాగారు

మా సైకిల్ గ్రూపులో ఒక ఫోటో తిరుగుతూ ఉంటుంది. నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు దారిలో, వెలుతురు పోతున్న వేళ తీసిన ఫోటో. ముందు నేను, హ్యాండిల్ మీదికి వంగి, పళ్లు బిగించి. నా వెనక చక్రానికి కొంచెం ఎడంగా నా భార్య. "భార్యను రెండు వందల కిలోమీటర్లు లాక్కొచ్చిన మొనగాడు" అని ఎవరో దాని కింద రాశారు. ఆ మాట మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకి, అనంతపురంలోని బంధువుల ఫోన్లలోకి, నా ఆఫీసులోకి పాకింది. నేనెక్కడా కాదనలేదు. ఒకచోటనైతే మైకు పట్టుకొని మరీ ఔనన్నాను. అది తప్పు. ఎవరు ఎవరిని లాగారో ఉన్నదున్నట్టు చెప్పాలని ఇది రాస్తున్నాను.

నాకు సైకిల్ పిచ్చి నలభై దాటాక పట్టింది. షుగర్ హద్దు మీద నిలబడి ఉందని డాక్టరు అంటే భయపడి మొదటి సైకిల్ కొన్నాను. లావు టైర్లు, ముందు స్ప్రింగులు, చూడటానికి కొండలెక్కే బండిలా ఉండేది. దాని మీద నార్సింగి నుంచి గండిపేట దాకా వెళ్లి వస్తే ఊరు గెలిచినట్టుండేది. ఆరు నెలలు తిరక్కుండా ఆ స్ప్రింగులే నన్ను వెనక్కి లాగుతున్నాయని తెలిసింది. దాన్ని పక్కన పెట్టి వంపు హ్యాండిల్ ఉన్న అల్యూమినియం రోడ్డు సైకిల్ తెచ్చాను. తరవాత కార్బన్ ఫ్రేమ్. తరవాత ఎలక్ట్రానిక్ గేర్లు. సైకిల్ కొన్నవాడికి రెండు రోగాలు వస్తాయి, ఒకటి తొక్కడం, రెండోది మార్చడం. మొదటిదానికి సెలవు రోజులుంటాయి కానీ రెండోదానికి ఉండవు.

ఈ పిచ్చికి నేనిప్పుడు సిగ్గుపడటం లేదు. బాల్కనీలో సైకిల్‌ను స్టాండుకు ఎత్తి వెనక చక్రం తిప్పితే వచ్చే ఆ సన్నటి కిరకిర శబ్దం నాకు ఇప్పటికీ ఇష్టం. చైనుకు నూనె పెడితే దుమ్ము పడుతుందని, పాత రైస్ కుక్కర్లో మైనం కరిగించి అందులో చైను ముంచేవాణ్ని. ఆ కుక్కర్ పాతది కాదని, పండగలకు మాత్రమే తీసేదని నాకు తరవాత తెలిసింది.

"బావా, దీంట్లో ఇంక చైనే ఉడికించుకో. అన్నం ఎట్లనూ నువ్వు తినవు కదా, పిండిపదార్థం అంటివి" అంది నా భార్య.

ఆమె మా మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచీ బావా అనే పిలుస్తుంది. దగ్గర్లోని ఒక బడిలో లెక్కలు చెబుతుంది. నేను సైకిలెక్కిన రెండో ఏడు తనూ వస్తానంది. నాకు సంతోషమేసింది. అప్పటికే నేను రోడ్డు సైకిల్ మీదికి మారాను కాబట్టి స్ప్రింగుల సైకిల్ ఆమెకిచ్చాను. నేను కార్బన్ కొన్నప్పుడు అల్యూమినియంది ఆమెకొచ్చింది. ఇంట్లో చిన్నవాడికి పెద్దవాడి చొక్కా వచ్చినట్టు. నేను కొత్తది కొన్న ప్రతిసారీ "ఇద్దరికీ ఒకేసారి మారింది" అని గ్రూపులో గొప్పగా చెప్పేవాణ్ని.

నేను ఆరడుగులకు అంగుళం తక్కువ. ఆమె నా భుజం దాకా వస్తుంది. సైకిల్‌లో సీటు పైకీ కిందికీ జరుగుతుంది గానీ ఫ్రేమ్ పొడవు జరగదు. మనిషి కొలతను బట్టి ఫ్రేమ్ తీసుకోవాలన్నది ఈ విద్యలో మొదటి పాఠం. నా ఫ్రేమ్ ఎంచుకునేటప్పుడు కాళ్ల పొడవు, చేతుల పొడవు కొలిపించుకొని రెండు వారాలు ఆలోచించిన మనిషిని నేను. ఆమె విషయంలో సీటు అడుగంటా దించి, ముందుకు తోసి, హ్యాండిల్‌ను పట్టి ఉంచే గొట్టం తీసేసి పొట్టిది బిగించి, "ఇప్పుడు కరెక్టుగా ఉంది" అన్నాను.

ఆమెకు మెడ పట్టేసేది. చేతివేళ్లు తిమ్మిరెక్కేవి. ఇంటికొచ్చి వేడినీళ్ల సంచి మెడకు పెట్టుకొని పిల్లల పేపర్లు దిద్దుకునేది.

"నీకు నడుంలో బలం లేదుమే. రోజూ కాసేపు వ్యాయామం చేయి, సర్దుకుంటాది" అనేవాణ్ని.

చేసేది కూడా. రోజూ పొద్దున చాప పరుచుకొని, మోచేతుల మీద నిలబడి, పంటి బిగువున. అయినా సర్దుకోలేదు. ఆదివారం రైడ్లలో ఆమె వెనకబడితే నేను టీ బండి దగ్గర ఆగి, "మా ఇంటి బ్రేక్ వస్తా ఉంది, ఉండండి" అనేవాణ్ని. అందరూ నవ్వేవాళ్లు. ఆమె వచ్చి సైకిల్ దిగి తనూ నవ్వేది.

అలా మూడేళ్లు గడిచాయి. ఒక ఆదివారం గండిపేట చెరువు కట్ట దగ్గర ఆగినప్పుడు, మా గ్రూపులో ఉన్న ఒక పళ్ల డాక్టరు, కాకినాడ వైపు ఆవిడ, నా భార్య మెడ రుద్దుకోవడం చూసింది. ఇద్దరిదీ ఒకటే ఎత్తు.

"ఒకసారి నాది తొక్కి చూడండి, ఊరికే. మలుపు దాకా వెళ్లొచ్చేయండి" అందావిడ.

నా భార్య ఎక్కింది. మలుపు దాటింది. తిరిగి రాలేదు. టీ చల్లారింది. డాక్టరు గారికి సైకిల్ మీద బెంగ, నాకు మనిషి మీద బెంగ. చివరికి అటువైపు నుంచి వచ్చింది, ముఖం ఎర్రగా, చెవుల దాకా నవ్వుతూ. మమ్మల్ని దాటి ముందుకు పోయి, మళ్లీ తిప్పుకొని వచ్చి దిగింది.

"నొప్పి లేదు బావా" అంది, ఏదో వింత చూసి వచ్చినట్టు. "అస్సలు లేదు. చేతులు వచ్చి హ్యాండిల్ మీద వాటంతట అవే కూర్చున్నాయి."

అప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది. నేనేమన్నానో చెబుతాను. "కొత్త సైకిల్ ఎక్కితే ఎవరికైనా అట్లనే ఉంటాదిలే, నాలుగు రోజులైతే మామూలే" అన్నాను. అప్పటికి నేను నా సైకిల్‌కి కార్బన్ చక్రాలు తెప్పించుకునే పనిలో ఉన్నాను. గాలిని కోసుకుపోయే లోతైన అంచుల చక్రాలు.

ఇంటికొచ్చాం. లిఫ్టులో, రెండు సైకిళ్లు నిలువునా పట్టుకొని నిలబడి ఉండగా ఆమె అంది.

"డిసెంబరులో మీ గ్రూపు రెండువందల రైడ్ ఉంది కదా, నేనూ వస్తా. ఈ సైకిల్ మీదనే వస్తా."

"ఇదెందుకు, నొప్పి అంటాండావు కదా. నీకు చిన్న ఫ్రేమ్ చూద్దాంలే మెల్లగా."

"వద్దు. కొత్తది కొనుక్కొని చేస్తే సైకిల్ చేసిందంటావు. దీనిమీద చేస్తే ఎవరు చేసినట్టు? నేనే కదా. చేసినాక నాకు కావాల్సిన సైకిల్ నేను ఎంచుకుంటా. నువ్వు నోరు తెరవకూడదు."

"చేయలేకపోతే?"

"చేయలేకపోతే మళ్లీ సైకిల్ ముట్టను. అప్పుడు కూడా నువ్వు నోరు తెరవకూడదు. రా రా అని పిలవకూడదు."

లెక్కల టీచరు కదా, రెండు వైపులా సరిపోయేలా పెట్టింది పందెం. నేను నవ్వాను గానీ ఆమె నవ్వలేదు.

మా గ్రూపు రెండువందలంటే నార్సింగి నుంచి చేవెళ్ల, పరిగి మీదుగా కొడంగల్ వెళ్లి అదే దారిన తిరిగి రావడం. తెల్లవారకముందే బయలుదేరి సాయంత్రం ఆరింటిలోగా చేరాలి. చీకటి పడ్డాక లారీల దారిలో ఎవరూ ఉండకూడదని మేం పెట్టుకున్న నియమం. ఆరు దాటితే పూర్తి చేసినట్టు కాదు.

ఆ రోజు నా కొత్త చక్రాలకు అదే మొదటి పెద్ద రైడ్. చేవెళ్ల దాటగానే సైకిల్ దానంతట అదే పోతున్నట్టనిపించింది. కాలు ఆనిస్తే చాలు, ముందుకు దూకుతోంది. హ్యాండిల్ మీది చిన్న కంప్యూటర్‌లో నేనెన్నడూ చూడని వేగం. భార్యకు తోడుగా వెళ్తానన్న మాట ఏమైందో తెలియదు. ఆమెను మా గ్రూపులోని గోపన్‌పల్లి మిత్రుడికి అప్పజెప్పి ముందుకు పోయాను. ఆయన అసలు సిసలు ఆ ఊరివాడు. పొలాలున్నచోట అపార్ట్‌మెంట్లు లేచాక సైకిల్ పట్టాడు.

"ఏందన్నా, గిట్ల పోతున్నవ్! వెనుక వదిన ఉన్నదే!" అని అరిచాడు.

"చక్రాలు ఆగట్లేదు తమ్ముడూ!" అని నేనూ అరిచాను.

కొడంగల్‌లో అందరికంటే ముందు దిగాను. నా సగటు వేగం ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాను. కొత్త చక్రాల గుణం గురించి నాలుగు వాక్యాలు రాశాను. చలికాలం మా వైపు గాలి తూర్పు నుంచి వీస్తుందని, పడమరగా పోయేవాడికి వీపు మీద చెయ్యి వేసి తోస్తుందని, ఆ మాట సైకిల్ తొక్కే ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. కానీ వెనకగాలి వెనకగాలిలా అనిపించదు. మనకు బలమొచ్చినట్టు అనిపిస్తుంది. కొత్త సామాను బిగించిన రోజైతే ఇంక చెప్పక్కర్లేదు.

నా భార్య, మిత్రుడు వచ్చి ఇడ్లీ తింటుంటే నేను కాళ్లు చాపుకొని కూర్చున్నాను. ఆమె మెడ ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకుంది, కొంచెమే తిరిగింది.

"ఎట్ల ఉంది?" అన్నాను.

"ఉంది" అంది.

తిరుగు ప్రయాణం మొదలుపెట్టగానే గాలి ముఖం మీద కొట్టింది. మొదటి గంట పంతంతో తొక్కాను. పొద్దున వచ్చిన వేగమే మళ్లీ రావాలని, మిగిలిన ఓపికంతా అక్కడే పోశాను. పొలాల మధ్య గాలి పక్కనుంచి కొడితే ఆ లోతైన చక్రాలు తెరచాపల్లా సైకిల్‌ను రోడ్డు మధ్యకు నెట్టేవి. పరిగి దాటీ దాటకముందే తొడలు పట్టేశాయి. సైకిల్ దిగి, రోడ్డు పక్క కంకర మీద కాళ్లు చాపుకొని కూలబడ్డాను. మా మిత్రుడు మాకు కాస్త వెనక, టైరు పంక్చరై ఆగిపోయాడు. నా భార్య నన్ను దాటి వెళ్లడం చూశాను. తల తిప్పలేదు. దూరంగా చిన్నదై పోయింది. మళ్లీ చూసేసరికి ఆగి ఉంది. నేను కుంటుకుంటూ సైకిలెక్కి ఆమెను చేరాను.

"ఆరింటికి చేరాలంటే ఇట్ల కుదరదు బావా. నా వెనక పట్టు" అంది.

ముందు పోయేవాడు గాలిని చీలిస్తే, అతని చక్రానికి ఆనుకొని వెనక వచ్చేవాడికి శ్రమ బాగా తగ్గుతుంది. మా భాషలో దాన్నే లాగడం అంటారు. తాడేమీ ఉండదు. ముందున్నవాడు గాలి తింటాడు, వెనకవాడు నీడలో వస్తాడు, అంతే. అప్పటిదాకా మా ఇద్దరిలో ముందుండేది ఎప్పుడూ నేనే. ఆమె చక్రం పట్టుకోవడం నాకదే మొదటిసారి.

వెనక తొక్కేవాడికి ముందున్న మనిషి వీపు తప్ప చూడటానికేమీ ఉండదు. చూపు తప్పితే పడతాడు. అందుకని పరిగి నుంచి చేవెళ్ల దాకా, అక్కణ్నించి ఇవతలికీ, గంటల తరబడి నేను నా భార్యను చూశాను. అటక మీది డబ్బా అందుకోబోయే మనిషిలా చేతులు రెండూ చాచి ఉన్నాయి, ఎంత చాచినా ఇంకొంచెం కావాలి. భుజాలు చెవులదాకా లేచి ఉన్నాయి. పెడల్ కింది చివరకు అందుకోవడానికి ప్రతి తొక్కుకీ నడుము ఒక పక్కకు ఒరుగుతోంది. సీటు అడుగంటా దించినా అంతే. కాసేపటికొకసారి ఎడమచెయ్యి తీసి విదిల్చేది. తరవాత కుడిచెయ్యి. వేళ్లలో రక్తం ఆడటానికి. ఏళ్లుగా ఆమె అలాగే తొక్కుతోంది. నేను ఎప్పుడూ ముందున్నాను కాబట్టి నాకు కనిపించలేదు. నడుంలో బలం లేదన్న మాట నేను ఎవరితో అన్నానో అప్పుడు చూశాను.

"కాసేపు ఆగుదామే" అన్నాను.

"ఆగితే మెడ పట్టేస్తాది. తొక్కుతా ఉంటే ఏం కాదు."

"నేను ముందుకొస్తా ఉండు."

"నువ్వొస్తే ఏడున్నరకు చేరతాం. మాట్లాడొద్దు. చక్రం చూడు."

చూశాను. చేవెళ్ల దాటాక గాలి కొంచెం తగ్గింది. ఆమె వేగం మాత్రం పెరగనూ లేదు, తగ్గనూ లేదు. పొద్దున నుంచీ ఒకటే వేగం. నా ఖరీదైన చక్రాలు ఆమె నాసిరకం చక్రాల నీడలో బుద్ధిగా తిరిగాయి. అప్పుడు నాకు కలిగింది సిగ్గు అని రాస్తే సులువుగా ఉంటుంది. సిగ్గు తరవాత వచ్చింది. ఆ వేళ కలిగింది గర్వమే. ఎవరైనా ఎదురొస్తే ఆపి చూపించాలనిపించింది, చూడండి, ఈమె ఇట్లా తొక్కుతుంది అని.

మరి ఫోటో? నార్సింగి కనపడింది. ఔటర్ మీద దీపాలు వెలగబోతున్నాయి, ఇంకా ఆరు కాలేదు. ముందే చేరిన మావాళ్లు నలుగురు ఈలలు వేస్తూ ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఇంతసేపూ ఆమె నీడలో దాచుకున్న ఓపిక నా కాళ్లలో ఉంది. హ్యాండిల్ పక్కకు తిప్పి, లేచి నిలబడి తొక్కి, ఆమెను దాటాను. ఎందుకు చేశానో ఎంత ఆలోచించినా మంచి కారణం దొరకలేదు. వాళ్ల ముందు భార్య వెనక రావడం ఇష్టం లేకపోయింది, అంతే. అదే ఫోటో అయింది. నన్ను ఎత్తి పట్టుకున్నారు. ఆమె సైకిల్ దిగి హ్యాండిల్ మీంచి వేళ్లు ఒక్కొక్కటే విప్పుకుంటోంది.

పంక్చరు వేసుకొని ఆలస్యంగా చేరిన మా మిత్రుడు పంక్చరు చోటు నుంచి మమ్మల్ని దూరంగా చూశాడట. పక్కకు తీసుకెళ్లి, "ఏందన్నా, పరిగి కాడ వదిన తోకకు కట్టుకొని వస్తుంటివి గదా, ఈడికొచ్చి పులివైనవా? జర సిగ్గు షరం ఉండాలె" అన్నాడు. నవ్వేశాను.

మా ఆఫీసులో ఆరోగ్యం గురించి ఒక కార్యక్రమం పెడితే నన్ను మాట్లాడమన్నారు. మీ మిసెస్‌ని సైకిల్ ఎట్లా ఎక్కించారు సార్ అని ఒకమ్మాయి అడిగింది. ఓపిక పట్టాలి, ఆడవాళ్లకు మొదట్లో తమ మీద తమకు నమ్మకం ఉండదు, మనం ముందుండి దారి చూపించాలి అని చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆ వీడియో ఎట్లాగో అనంతపురం చేరింది. నా బావమరిది ఫోన్ చేస్తే ఆమె వంట చేసుకుంటూ స్పీకర్‌లో పెట్టింది.

"అక్కా, బావ లేకపోయింటే నీతో అయ్యుండేదా చెప్పు!"

"ఉల్లిగడ్డలు మాడిపోతాండాయి, మళ్లా చేస్తా" అని పెట్టేసింది. నావైపు తిరిగి, "ఎవరు లాగినారో నాకు తెలుసు, నీకు తెలుసు. చాల్లే" అంది. చాల్లే అన్నది కోపంతో అని ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు. నిజంగానే చాలనుకుంది. అది నాకు నిద్రపట్టనివ్వలేదు.

పందెం ప్రకారం ఆమె సైకిల్ ఆమె ఎంచుకుంది. చిన్న ఫ్రేమ్, ఉక్కుది, కార్బన్ కాదు. గేర్లు మామూలువి. ఆకుపచ్చ రంగు. సీటు తోలుది, బరువైనది. అంగడిలో నోరు గట్టిగా మూసుకొని నిలబడ్డాను.

"ఏమన్నా చెప్తావా?" అంది.

తల అడ్డంగా ఊపాను.

ఆ సైకిల్ మీద మొదటి ఆదివారమే గండిపేట ఎత్తు మీద నన్ను వదిలేసి పోయింది. వేడినీళ్ల సంచి అల్మరాలోకి వెళ్లిపోయింది. ఇప్పుడు ఆమె మూడువందలు చేసింది, నాలుగువందలకు సిద్ధమవుతోంది. కొత్తగా నేర్చుకునే ఆడవాళ్లను ఔటర్ పక్కన సోలార్ కప్పు కింద ఉన్న సైకిల్ ట్రాక్ మీదికి తీసుకెళ్తుంది. అందరికంటే ముందు వాళ్ల కొలతలు చూస్తుంది. "మీ ఆయనదా ఈ సైకిల్? ముందు దిగండి" అంటుంది.

పోయిన నెల ఒక ఆదివారం, గండిపేట దగ్గర దోసెల బండి ముందు, గ్రూపంతా ఉన్నప్పుడు నేను నిజం చెప్పడానికి లేచాను. ఫోటో గురించి, గాలి గురించి, ఆమె వెనక దాక్కొని రావడం గురించి చెప్పడం మొదలుపెట్టాను.  అందరూ నావైపే చూస్తున్నారు, పాపం అన్నట్టు, ఎంత మంచి మనిషి అన్నట్టు. డాక్టరు గారు కళ్లు తుడుచుకోబోతున్నారు.

"ఆగు బావా" అంది నా భార్య, దోసె చేత్తో పట్టుకొని. "అప్పుడు లాక్కొచ్చిన కథా నీదే, ఇప్పుడు తప్పైపోయిన కథా నీదేనా? కూర్చో. నేను చెప్తా."

అందరూ గొల్లున నవ్వారు. మా మిత్రుడు, "కూసో అన్నా, కూసో, వదిన చెప్పనీ" అని నన్ను భుజం పట్టి స్టూలు మీద కూలేశాడు.

ఆమె చెప్పింది. "పరిగి దగ్గర ఈయన కంకరలో కూర్చోనుంటే చూసినా. ఆగొద్దనుకున్నా. నన్ను బ్రేక్ అనె కదా ఇన్ని దినాలు, ఉండనీ అక్కడే అని పోతానే ఉన్నా. కొంచెం దూరం పోయినాక లేచినాడో లేదో చూద్దామని తిరిగితే మెడ తిరగలే. ఆ సైకిల్ మీద పొద్దున్నుంచి పట్టేసింది కదా. చూడాలంటే దిగాల్సొచ్చె. దిగి, సైకిల్ తిప్పి చూసినా. ఒకసారి దిగినాక ఇంక వదిలేసి యాడికి పోతాం."

"మెడ తిరిగి ఉంటే?" అని అడిగారు డాక్టరు గారు.

"తిరిగుంటే అయిదింటికే ఇంట్లో ఉండేదాన్ని" అని దోసె తుంచి చట్నీలో ముంచుకుంది.

ఈ సంగతి నాకప్పటిదాకా తెలియదు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఆమె ఇంకా చెబుతూనే ఉంది, చేవెళ్ల దగ్గర నేను మూలిగిన మూలుగులతో సహా. ఆమె మాట పూర్తయ్యేదాకా నేను స్టూలు మీంచి లేవలేదు.